నానమ్మ గొంతు పక్కన

చిలకలూరిపేట,
శుక్రవారం, జుమా అయ్యాక.

చిరంజీవి ఫిజాకు,

నాన్న సలాములు, దువాలు. ఇక్కడ నేను, అమ్మ, నానమ్మ అల్లా దయవల్ల తింటున్నాం, తిరుగుతున్నాం. నువ్వు కూడా వేళకు ఇంత తిని, కాస్త నిద్రపోయి, ఒంట్లో బాగానే ఉండి చదువుకుంటున్నావని నమ్ముతున్నాను. మీ హాస్టల్లో ఫోన్లు ఉంచుకోనివ్వరు కాబట్టి నాకు మళ్ళీ ఉత్తరాలు రాసే అలవాటు వచ్చింది. వార్డెన్ మేడం గారు ముందు చదివి ఆ తర్వాతే మీకు ఇస్తారని రాశావు. చదవనీలే, పరాయి ఆడపిల్లల్ని కాపాడే బాధ్యత ఆమెది.

నీ ఉత్తరం సోమవారం అందింది. అడిగినవాటికి నాకు చేతనైన వరసలో జవాబు రాస్తున్నాను. అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెబితే, బట్టలు మేడ మీద కాక ఇంకెక్కడ ఆరతాయని ఆయన్నే అడిగి వచ్చింది. నానమ్మ కంటి ఆపరేషను గుంటూరు బ్రాడీపేటలో బాగా జరిగింది. నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుంటే వీధి పిల్లలు పోలీసమ్మా అని పిలిచారట. అద్దాలిచ్చారు గానీ లాఠీ ఇవ్వలేదని ఆవిడ వాళ్ళకు చెప్పింది. కొట్టు సంగతి అంతంత మాత్రంగా ఉంది. పెళ్ళిళ్ళకు తప్ప దూది పరుపు అడిగేవాళ్ళు లేరు, అందరికీ ఫోం పరుపులే కావాలి. దూదేకే మిషను రోజులో సగం సేపు ఊరికే ఉంటోంది.

ఇక నువ్వు రెండు గీతలు గీసి మరీ అడిగిన ప్రశ్న. మన పేజీకి చివరికి ఏ ప్రకటనల నెట్‌వర్క్ తీసుకున్నావు నాన్నా, నేను చెప్పిన గళ్ళన్నిటికీ టిక్కు పెట్టావా అన్నావు. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. మొదటి నుంచీ చెబుతాను, ఓపిగ్గా చదువు.

నువ్వు నెట్‌లో ఆ పేజీ ఎందుకు మొదలుపెట్టావో నాకు బాగా గుర్తు. మన దూదేకుల ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు, చదివేది తెలుగు. చావు వచ్చినా, పుట్టుక వచ్చినా దువా కోసం ఎవరో ఒకరి నోటి వైపు చూడాల్సిందే. నువ్వు సెలవుల్లో నానమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆవిడకు వచ్చిన దువాలన్నీ తెలుగు అక్షరాల్లో ఎక్కించావు. పక్కన అర్థం రాశావు, కింద ఆవిడ గొంతు పెట్టావు. పైన ఆకుపచ్చ పట్టీ మీద మస్తాన్‌బీ దువాలు అని పేరు రాసినప్పుడు ఆవిడ, నా పేరెందుకే, నేనేమైనా కనిపెట్టానా అని కసిరి, రాత్రి అమ్మను పిలిచి మళ్ళీ చూపించమంది. పోయిన రంజాన్‌లో జనం తాకిడికి పేజీ ఆగిపోయింది. పెద్ద సర్వరు కావాలన్నారు. దానికి అద్దె, ఇటు నీ హాస్టలు ఫీజు. పేజీకి ఇంతమంది వస్తున్నారు కదా, ప్రకటనలు పెడితే రెండూ గడుస్తాయని నువ్వే అన్నావు. పేజీ నా చేతికి అప్పజెప్పి నువ్వు చదువుకు వెళ్ళావు.

బ్రాడీపేటలో కంప్యూటర్ సెంటర్ నడిపే త్రినాథ్ దగ్గరికి వెళ్ళాను. ఆ అబ్బాయి నన్ను కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు.

"బాషా గారూ, ఇందులో రెండు రకాల కంపెనీలు ఉన్నాయండి. మొదటి రకం వాళ్ళు పేజీ అంతా చూసి గానీ ఒప్పుకోరు. పిచ్చి ప్రకటనలు పెద్దగా రావు. కాకపోతే ఎవరో ఒకరు ప్రకటన మీద నొక్కితేనే చెప్పుకోదగ్గ డబ్బు, అదీ కొంత పోగయ్యేదాకా చేతికివ్వరు. రెండో రకం వాళ్ళు అడిగిన రోజే ఒప్పుకుంటారు. జనం చూస్తే చాలు, లెక్క కట్టి వారం వారం పంపుతారు. కానీ ఏ ప్రకటన వస్తుందో మన చేతుల్లో ఉండదండి."

నాకు మన పత్తి బేరమే గుర్తొచ్చింది. ఒకడు పత్తి బస్తాలో మోచేతి దాకా చేయి పెట్టి, తేమ చూసి, నాలుగు మాటలని, డబ్బు నెమ్మదిగా ఇస్తాడు. ఇంకొకడు రోడ్డు మీదే, విప్పి చూడకుండా తూకం వేస్తాడు. విప్పి చూడనివాడి దగ్గర ఏదో మతలబు ఉంటుందని నాకు చిన్నప్పుడే తెలుసు. అందుకే మొదటిదే కావాలన్నాను. వాళ్ళు మన చిరునామా నిజమో కాదో చూడటానికి పోస్టులో ఒక నంబరు పంపారు. పోస్టుమాన్ ఆ కవరు ఇస్తుంటే అమ్మ చేతులు కడుక్కుని వచ్చి తీసుకుంది. ప్రకటనలు కూడా పద్ధతిగానే వచ్చాయి. కుక్కర్లు, కోచింగ్ సెంటర్లు, మిరప నారు. డబ్బు మాత్రం చుక్కలు చుక్కలుగా రాలేది.

అక్కడ నేనొక తెలివితక్కువ పని చేశాను. ఒక జుమా రోజు నమాజయ్యాక మసీదులో లేచి నిలబడి, మన ఫిజా పేజీలో ప్రకటనలు వస్తున్నాయి, మీరు వాటి మీద నొక్కితే పిల్ల చదువుకు నాలుగు డబ్బులు వస్తాయి, మీ జేబులోంచి పైసా పోదు అని చెప్పాను. మనవాళ్ళ సంగతి నీకు తెలుసు. పెళ్ళిలో చదివింపులు చదివించినట్టు నొక్కారు. గౌస్ బాషా తన టీ కొట్టుకు ఎవరొచ్చినా ముందు నొక్కించి తర్వాత టీ పోశాడు. జుబేదా అత్త అయిదు పూటలా నమాజు అవగానే తస్బీ పూసలు పక్కన పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని నొక్కింది. నెల తిరక్కుండానే కంపెనీ నుంచి ఇంగ్లీషులో మెయిల్ వచ్చింది. త్రినాథ్ చదివి నా వైపు చూశాడు.

"ఖాతా మూసేశారండి. వీళ్ళందర్నీ ఎవరు నొక్కమన్నారండీ?"

"నేనే చెప్పానయ్యా. పిల్ల మీద ప్రేమతో నొక్కారు."

"ప్రేమతో నొక్కారో మోసానికి నొక్కారో యంత్రానికి తెలీదు గదండీ. వాళ్ళ లెక్కలో ఇది మోసమే."

అర్జీ పెట్టాం. తిరిగి ఇవ్వలేదు. వచ్చిన కాస్త డబ్బూ అందులోనే పోయింది. జుబేదా అత్తకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు, చెబితే తన చేతిని తానే తిట్టుకుంటుంది.

ఆ వారమే మీ కాలేజీ నుంచి రెండో టరం ఫీజు గుర్తుచేస్తూ మెసేజి వచ్చింది. నేను మళ్ళీ బ్రాడీపేట వెళ్ళి రెండో రకం నెట్‌వర్క్ పెట్టమన్నాను. త్రినాథ్ వద్దండీ అన్నాడు, ఇంకొన్నాళ్ళు ఆగమన్నాడు. నా ముఖం చూసి పెట్టాడు. నువ్వు రాసిచ్చినట్టే సారాయి, వడ్డీ అప్పులు, జూదం ఆటలు, ఆడపిల్లల బొమ్మలు, అన్ని గళ్ళకూ టిక్కు పెట్టి అవి రాకుండా ఆపాడు. అంటే నీ ప్రశ్నకు మొదట్లో అవుననే జవాబు. ఆ తర్వాత కాదు. టిక్కులన్నీ ఉంటే వచ్చేది సర్వరు అద్దెకు కూడా చాలలేదు. ఒక మధ్యాహ్నం కొట్లో కూర్చుని నేనే ఫోన్ తీసి, ఆటల గడిలో టిక్కు తీసేశాను. సారాయి కాదు కదా, బూతు కాదు కదా, ఆటలే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఏమి ఆటలో నాకు తెలియక కాదు. చట్టం ఒప్పుకోకపోయినా అవి దొంగదారిన వస్తూనే ఉంటాయనీ తెలుసు. నా ఫోన్‌లో పేజీ తెరిచి చూస్తే మాత్రం పరుపులు, కుట్టు మిషన్లు తప్ప ఏమీ కనిపించలేదు. మనసు కుదుటపడింది. నీ రెండో టరం ఫీజు ఆ డబ్బుతోనే కట్టాను.

ఫిజా, నీ ఉత్తరంలో మొదటి ప్రశ్న ఇది కాదు. ఆదాం తాతకు దగ్గు తగ్గిందా అని అడిగావు. దాన్ని ఇంతదాకా తోసుకుంటూ వచ్చాను. తాత లేడమ్మా. ఈ నెల మొదట్లో, దర్శిలో, తెల్లవారి అజాన్ వేళకు పోయాడు. చివరి రోజున కూడా నీ పేరు తలిచాడు. నీ పరీక్షలయ్యేదాకా చెప్పొద్దని అమ్మ ఏడ్చింది. నానమ్మ తన తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఆవిడే, "చావు దాచిపెడితే రేపు పిల్ల మన ఏ మాటా నమ్మదు, రాయి" అంది. ఇక్కడ కాసేపు ఆగి ఏడవాలనిపిస్తే ఏడువు. మిగతాది తర్వాత చదువు.

తాత చిన్నకొడుకు, మన నజీర్ మామయ్య సంగతి నీకు సగం తెలుసు. ఫోన్‌లో పేకాట ఆడి మోటారుసైకిలు, నస్రత్ అత్త గాజులు పోగొట్టిన తర్వాత, తాత చేతిలో చేయి వేసి ఇక ఆడనని ఒట్టు పెట్టాడు. అది జరిగి ఏడాది దాటింది. తాత నమ్మాడు. అన్న సలీం నమ్మలేదు. అందుకేనేమో తాత చివరి రోజుల్లో అందరి ముందూ ఒక మాటన్నాడు. "నమాజు హజ్రత్ గారు చేయించనీ. మట్టేశాక నా తలాపున మాత్రం నజీర్ గాడే దువా చదవాల. వాడి నోటితోనే చదవాల." మామయ్యకు అరబ్బీ రాదు. మన పేజీలో చూసి చదువుతానన్నాడు.

ఖబరస్తాన్ గోడ పక్కనే ఎవరిదో మిరప కల్లం. ఆరబోసిన కాయల ఘాటుకు మట్టి వేసేవాళ్ళంతా దగ్గుతున్నారు. గోడ అవతల ఆడవాళ్ళు నిలబడ్డారు. అందరం మట్టి వేశాం. మామయ్య తలాపున నిలబడి ఫోన్ తెరిచాడు. రెండు వాక్యాలు తప్పు లేకుండా చదివాడు. మూడో వాక్యం మీద ఉండగా ఫోన్‌లోంచి వాయిద్యాలు మోగాయి. ఒక అమ్మాయి గొంతు, రండి, పేకలు పంచేశాం, ఈ రోజు గెలుపు మీదే అని అరిచింది. మామయ్య మూసే గుర్తు మీద నొక్కాడు. మూసుకోలేదు, ఇంకొకటి తెరుచుకుంది. అది ఇంకా గట్టిగా మోగింది.

"ఒరేయ్, నాన్న మీద మట్టి తడి ఆరలేదు గదరా! ఇక్కడ కూడా ఆటేనా నీకు?" అని సలీం ఆ ఫోన్ లాక్కుని తమ్ముణ్ణి చెంప మీద కొట్టాడు. అంతమంది ముందు, తండ్రి సమాధి దగ్గర.

"తప్పయింది అన్నా," అన్నాడు నజీర్. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడలేదు. దువా హజ్రత్ గారు పూర్తి చేశారు.

నేను మామయ్యకు ఆనుకునే నిలబడి ఉన్నాను. ఫోన్ సలీం చేతిలోకి వెళ్ళేటప్పుడు పైన ఆకుపచ్చ పట్టీ, నానమ్మ పేరు నాకు స్పష్టంగా కనిపించాయి. అది నజీర్ ఆట కాదు, నేను టిక్కు తీసిన గడి అని ఆ క్షణమే అర్థమైంది. నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను తల దించుకుని చెప్పులు వెతుక్కున్నాను. ఇదే నేను నీకు చెప్పాల్సింది. ఆ సాయంత్రం సలీం తమ్ముడితో కలిసి అన్నం తిననన్నాడు. నస్రత్ అత్త బిడ్డను ఎత్తుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. అవన్నీ చూసి కూడా బస్సెక్కి వచ్చేశాను.

మర్నాడు త్రినాథ్‌ను అడిగాను, నా ఫోన్‌లో ఎప్పుడూ రానిది వాడి ఫోన్‌లో ఎలా వచ్చిందని. అందరికీ ఒకే ప్రకటన రాదట. ఏ ఫోన్‌లో ఎవరు ఇంతకు ముందు ఏం చూశారో, ఏం ఆడారో కనిపెట్టి, వాళ్ళకు అదే చూపిస్తారట. "మానేసినవాళ్ళనే ఎక్కువ వెంటాడతాయండి," అన్నాడు. అక్కడే కూర్చుని ప్రకటనలన్నీ పీకించేశాను. ఇప్పుడు పేజీలో దువాలు, నానమ్మ గొంతు తప్ప ఏమీ లేవు. కాబట్టి ఏ నెట్‌వర్క్ అన్న నీ ప్రశ్నకు ఇవాళ్టి జవాబు, ఏదీ లేదు. దువాలున్న పేజీల జోలికి పోకుండా, గుంటూరు అత్తరు కొట్లాంటి తెలిసినవాళ్ళ ప్రకటనలు మనమే అడిగి మొదటి పేజీ కింద పెట్టుకునే దారి ఉందని త్రినాథ్ అంటున్నాడు. పేజీ నీది, ఆలోచించి నువ్వే రాయి. మూడో టరం ఫీజుకు మిల్లులో రాత్రి పాళీ దూది పని ఒప్పుకున్నాను. ఆ బెంగ నువ్వు పెట్టుకోకు.

ఆ రోజు బ్రాడీపేట నుంచి ఇంటికి రాగానే నానమ్మకు అంతా చెప్పాను. నల్లద్దాలు తీసి నా వైపు చూసింది.

"నా గొంతు పక్కన పేకాట పెట్టావురా, బాషా?"

ఆవిడ తస్బీ తీసుకుని ఒక చుట్టు తిప్పింది. తర్వాత, "నాకు చెప్తే ఏం లాభం? దర్శి పోయి చెప్పు. వాణ్ణి కొట్టినప్పుడు ఎవరెవరున్నారో వాళ్ళందరి ముందూ చెప్పు," అంది.

పదో రోజు ఫాతెహాకు వెళ్ళాం. హజ్రత్ గారు వచ్చారు, బంధువులంతా వచ్చారు. నస్రత్ అత్త కూడా పుట్టింటివాళ్ళతో చుట్టంలాగా వచ్చి లోపలి గదిలో కూర్చుంది. భోజనాలకు దస్తర్ఖాన్ గుడ్డ పరిచారు గానీ ఇంకా ఎవరూ ముద్ద ఎత్తలేదు. నేను లేచి నిలబడ్డాను. ఆ మోత నజీర్ ఆటది కాదు, మా పేజీలోది, డబ్బు కోసం నేనే ఆ గడి తెరిచాను, వాణ్ణి కొడుతుంటే చూస్తూ నిలబడ్డాను అని చెప్పాను. నస్రత్ అత్త గడప దాకా వచ్చి నిలబడింది. సలీం తల పట్టుకున్నాడు. నజీర్ మాత్రం వడ్డిస్తున్న గిన్నె కింద పెట్టి మెల్లగా అన్నాడు.

"నాకు తెలుసు బావా."

"ఏం తెలుసురా?"

"అది పేజీలోదని. నాన్న మంచాన పడ్డప్పటి నుంచీ రోజూ అత్త గొంతు వినిపించమనేవాడు. తెరిచినప్పుడల్లా ఆ పేకలు వస్తానే ఉండాయి. నాన్నకి కనపడకుండా బొటనవేలు అడ్డం పెట్టేవాణ్ణి. నాక్కూడా కనపడకుండా పెట్టుకునేవాణ్ణి."

"మరి ఆ రోజన్నా చెప్పలేదేంరా? నాకు ఫోన్ చేసైనా చెప్పొచ్చు గదా?" అన్నాను.

"అక్కడ చెప్తే ఎవరు నమ్ముతారు బావా, సాకనుకుంటారు. నీకు చెప్తే నువ్వు ఎంటనే తీసేస్తావు. తీసేస్తే పిల్ల ఫీజెట్టా కడతావు?"

సలీం లేచి వెళ్ళి తమ్ముడి భుజం పట్టుకున్నాడు. నస్రత్ అత్త ఆ రాత్రి పుట్టింటికి వెళ్ళలేదు. నేను మాత్రం ఆ మాట మోసుకుని తిరుగుతున్నాను, ఫిజా. నువ్వు కూర్చుని చదువుకుంటున్న ఆ రెండో టరం, నజీర్ మామయ్య బొటనవేలు అడ్డం పెట్టుకుని కట్టినదే. నీ మీద బరువు పెట్టడానికి రాయలేదు ఇది. నీకు తెలియకుండా ఉండటం న్యాయం కాదని రాశాను.

తాత కోసం దువా చెయ్యి. అది అయ్యాక చేతులు దించకుండా, నజీర్ మామయ్య కోసం కూడా చెయ్యి.

ఇట్లు,
నీకు మొహం చూపించే ముందు ఈ మాట చెప్పాలనుకున్న
మీ నాన్న,
జాన్ బాషా.